ఆఫీసులు నాలుగు, తాళంచెవి ఒకటే

"మనకు నాలుగు ఆఫీసులున్నాయి కదా. ఒకదాని డేటా ఇంకోదాంట్లో కాపీ పెట్టేస్తే సరి, ఆఫ్‌సైట్ బ్యాకప్, అంటే వేరే చోట దాచే కాపీ, అయిపోయినట్టే. మళ్ళీ దానికి వేరే ఖర్చెందుకు?"

ఈ మాట చాలా మీటింగుల్లో విన్నాను. విన్న ప్రతిసారీ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఎందుకంటే నేను పనిచేసిన చోట మొదట ఆ మాట అన్నది నేనే. అప్పట్లో సర్వర్లు, నెట్‌వర్కు, మొరాయించే ప్రింటర్లు అన్నీ నా నెత్తినే ఉండేవి. నాలుగు ఊళ్ళలో నాలుగు ఆఫీసులు, ఒక్కోదాంట్లో ఒక ఫైల్ సర్వరు. ఒకటో ఆఫీసు డేటా రెండోదానికి, రెండోది మూడోదానికి, మూడోది నాలుగోదానికి, నాలుగోది తిరిగి ఒకటోదానికి. రాత్రి రెండింటికి ఆర్‌సింక్ (ఒక చోటి ఫైళ్ళను ఇంకో చోటికి కాపీ చేసే ప్రోగ్రామ్) తనంతట తనే నడిచేలా స్క్రిప్టు, అంటే చిన్న కమాండ్ల జాబితా, రాశాను. బోర్డు మీద గుండ్రంగా బాణాలు గీసి చూపిస్తే అందరూ బాగుందన్నారు. బాగానే ఉంది మరి, చూడ్డానికి.

ఒక శనివారం సాయంత్రం మూడో ఆఫీసులో డేటా ఉండే డిస్కు పోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ వేరే డిస్కు మీద ఉంది కాబట్టి సర్వరు మాత్రం బతికే ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు రీస్టార్ట్ అయింది, లేచాక డేటా డిస్కు మౌంట్ కాలేదు, అంటే సిస్టమ్‌కు జతపడలేదు. మౌంట్ కాకపోతే ఆ ఫోల్డరు పేరు అలాగే కనిపిస్తుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు. రాత్రి రెండింటికి నా స్క్రిప్టు నిద్ర లేచింది. మూలంలో లేని ఫైళ్ళను కాపీలోంచి కూడా తీసెయ్యమని డిలీట్ ఆప్షన్ పెట్టింది నేనే, పాత చెత్త పేరుకుపోకూడదని. స్క్రిప్టు మూలం వైపు చూసింది, ఖాళీ. కాపీ వైపు చూసింది, నాలుగు లక్షల పైచిలుకు ఫైళ్ళు. చెప్పిన పని చెప్పినట్టు చేసేసింది. మూలాన్ని చదవడంలో ఎర్రర్ వస్తే ఆర్‌సింక్ డిలీట్ జోలికి పోకుండా ఆగిపోతుంది, ఆ మాత్రం జాగ్రత్త దానికి ఉంది. కానీ ఖాళీ ఫోల్డరు ఎర్రరు కాదు కదా.

ఆదివారం పొద్దున ఫోన్‌లో మెయిల్ చూశాను. జాబ్ పూర్తయింది, సక్సెస్, పట్టిన సమయం ఆరు నిమిషాలు. రోజూ నలభై నిమిషాలు పట్టేది. ఇవాళ లైను బాగున్నట్టుంది అనుకుని ఫోన్ పక్కన పడేశాను. నా ఉద్యోగ జీవితంలో అంత ఖరీదైన సంతోషం ఇంకోటి లేదు.

సోమవారం సంగతి వివరంగా చెప్పను. మధ్యాహ్నానికి తేలిందేమిటంటే, మూడో ఆఫీసు డేటా మూడో ఆఫీసులో లేదు, నాలుగో ఆఫీసులోనూ లేదు. ఆ ఆఫీసు అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేసి, కొంచెం గొంతు తగ్గించి, "సార్, మీరు తిట్టనంటే ఒక మాట చెబుతాను" అన్నారు. ఆవిడ డెస్కు సొరుగులో, కళ్ళజోడు పెట్టుకునే పౌచ్‌లో, ఒక పోర్టబుల్ హార్డ్‌డిస్కు ఉంది. ఎప్పుడు తోస్తే అప్పుడు ముఖ్యమైన ఫోల్డర్లన్నీ అందులోకి కాపీ చేసుకునేవారట. ఆఖరుసారి చేసింది మూడు వారాల కిందట. బయటి డిస్కులేవీ ఆఫీసులో వాడకూడదని సర్క్యులర్ పంపింది నేనే. ఆ సర్క్యులర్ కాపీ ఆవిడ డెస్కు పక్కన గోడకు అంటించి కూడా ఉంది.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. డేటాను కాపాడాల్సిన స్క్రిప్టే తుడిచిపెట్టడం నాకొక్కడికే జరిగిన వింత కూడా కాదు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్ స్టోరేజీలో దాదాపు 77 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీలు) డేటా, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు, పోయాయి. పాత లాగ్ ఫైళ్ళు తీసెయ్యాల్సిన బ్యాకప్ స్క్రిప్టు, అది నడుస్తుండగానే కొత్త వెర్షన్‌తో మార్చడం వల్ల, అసలు ఫైళ్ళ మీద పడింది. కొన్ని పరిశోధక బృందాల డేటా ఇక తిరిగి రాలేదు. అది చదివినప్పుడు నాకు మనసు తేలికపడింది, సిగ్గూ వేసింది.

ఆ సోమవారం తర్వాత ఆఫ్‌సైట్ బ్యాకప్ గురించి నా లెక్క మారిపోయింది. రెండు కాపీల మధ్య ఎన్ని కిలోమీటర్లున్నాయి అని అడగడం తేలిక, మ్యాపు చూస్తే చాలు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఏ ఒక్క సంఘటన, ఏ ఒక్క పాస్‌వర్డు, ఏ ఒక్క మనిషి పొరపాటు ఈ రెండు కాపీలనూ ఒకేసారి తీసుకుపోగలదు? నా గుండ్రటి బాణాల ప్లానులో ఆఫీసుల మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంది. కానీ నాలుగు సర్వర్లకూ ఒకే అడ్మిన్ లాగిన్, ఒకే స్క్రిప్టు, ఒకే నేను. దూరపు కొండలు నునుపు అన్నట్టు, దూరంగా ఉంది కాబట్టి భద్రంగా ఉందనుకున్నాను.

కిలోమీటర్లు అక్కర్లేదని నేననడం లేదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో, సర్వర్లు అద్దెకిచ్చే ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. అక్కడ నాలుగు డేటా సెంటర్లు ఒకే ప్రాంగణంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పూర్తిగా కాలిపోయింది, ఇంకోటి కొంత దెబ్బతింది, మిగతా రెండింటినీ ఆపేయాల్సి వచ్చింది. లక్షల వెబ్‌సైట్లు మూగబోయాయి. డబ్బు కట్టి బ్యాకప్ సేవ తీసుకున్న కొందరికి, ఆ బ్యాకప్ కూడా కాలిన భవనంలోనే ఉందని అప్పుడు తెలిసింది. కోర్టుల దాకా వెళ్ళింది వ్యవహారం. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని టెజోన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం అయాన్ బ్యాటరీల నుంచి మంటలు పుట్టి వందల ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. చాలావాటికి బ్యాకప్ ఉంది. ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ అనే స్టోరేజీకి మాత్రం బయట ఎక్కడా కాపీ లేదు. 858 టీబీ పోయింది. డేటా మరీ ఎక్కువగా ఉండటం, ఆ స్టోరేజీ తీరు అందుకు అనుకూలించకపోవడం వల్ల బయట బ్యాకప్ పెట్టలేదని చెప్పారు.

ఈ రెండో సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎక్కువ ఉంది కాబట్టి కాపీ తీయలేదు అనే మాట వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ప్రతి ఆఫీసులోనూ అలాంటి మూల ఒకటి ఉంటుంది. డిజైన్ టీం ఫోల్డరో, సీసీ కెమెరాల రికార్డింగో, స్కాన్ చేసిన పాత కాగితాలో. అది పెద్దది, దాని సంగతి తర్వాత చూద్దాం అని పక్కన పెట్టేస్తాం. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. వదిలేయదలుచుకుంటే వదిలేయండి, తప్పులేదు. కానీ ఫలానా ఫోల్డరుకు బ్యాకప్ లేదు, పోతే పోయినట్టే అని కాగితం మీద రాసి, ఆ డేటాతో పనిచేసేవాళ్ళ చేత సంతకం పెట్టించండి. సంతకం అనగానే సగం మంది, ఉండండి సార్, ఒకసారి చూసి చెబుతాం, అంటారు.

ఇక తాళంచెవి సంగతి. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ (కంప్యూటర్లను పాడుచేసే దొంగ ప్రోగ్రామ్) ప్రపంచాన్ని చుట్టేసింది. షిప్పింగ్ కంపెనీ మెర్స్క్ బాగా దెబ్బతిన్నవాటిలో ఒకటి. దేశదేశాల్లో ఆఫీసులు, పోర్టులు ఉన్న కంపెనీ అది. ఎవరు ఏ కంప్యూటర్లోకి లాగిన్ అవ్వచ్చో నిర్ణయించే డొమైన్ కంట్రోలర్లు వాళ్ళకు దాదాపు 150 ఉండేవి, ప్రపంచమంతా చెల్లాచెదురుగా. అవన్నీ ఒకదానితో ఒకటి సింక్ అవుతుంటాయి కాబట్టి ఒకటి పోతే ఇంకోదాన్నుంచి తెచ్చుకోవచ్చన్నది ప్లాను. నా బాణాల ప్లానే, కాకపోతే నూట యాభై బాణాలు. మాల్‌వేర్ వాటన్నింటినీ ఒకేసారి తుడిచేసింది. అన్నీ పోతే ఏం చేయాలన్న ఆలోచన ఆ ప్లానులో లేదు. చివరికి ఘనాలో ఒక్కటి మిగిలింది. అదీ ఎందుకంటే, దాడి జరగడానికి ముందు అక్కడ కరెంటు పోయి ఆ మెషీన్ నెట్‌వర్కులో లేదు. కరెంటు కోత కంపెనీని కాపాడింది!

దాని తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. ఆ మెషీన్‌లోని కొన్ని వందల జీబీల డేటా ఇంగ్లండ్‌లోని మెయిడెన్‌హెడ్ ఆఫీసుకు కావాలి. ఘనా నుంచి ఉన్న లైను మీద పంపితే రోజులు పడుతుంది. పోనీ మనిషిని పంపుదామంటే అక్కడి సిబ్బందిలో ఎవరికీ బ్రిటిష్ వీసా లేదు. దాంతో ఒకాయన ఘనా నుంచి నైజీరియాకు విమానంలో వెళ్ళి, ఎయిర్‌పోర్టులో ఇంకొకాయన చేతికి హార్డ్‌డిస్కు అందించాడు, ఆయన దాన్ని ఇంగ్లండ్ పట్టుకెళ్ళాడు. పది రోజుల్లో 4 వేల సర్వర్లు, 45 వేల పీసీలు మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకున్నామని ఆ కంపెనీ ఛైర్మనే తర్వాత చెప్పాడు.

మా అకౌంట్స్ మేడమ్ పౌచ్‌లోని డిస్కుకూ, ఘనాలోని మెషీన్‌కూ ఒకటే పోలిక. రెండూ మిగతావాటితో కలిసి లేవు. అవి మిగిలింది దూరం వల్ల కాదు, తెగిపోయి ఉండటం వల్ల. రెండు చోట్లా అది అదృష్టం కొద్దీ జరిగింది. ప్లాను అంటే ఆ అదృష్టాన్ని కావాలని ఏర్పాటు చేసుకోవడం. బ్రాంచీలు ఒకదానికొకటి బ్యాకప్‌గా ఉండటాన్ని నేను వ్యతిరేకించేది అందుకే. పక్క ఆఫీసులో స్థలం ఉంటే వాడుకోవచ్చు, దానికేం. కానీ అదొక్కటే ఆఫ్‌సైట్ అనుకోకూడదు, ఎందుకంటే ఆఫీసులన్నీ ఒకే కుటుంబం. ఒకే డొమైన్ (లాగిన్‌లన్నీ ఒకే చోట నుంచి నడిచే ఏర్పాటు), ఒకే వీపీఎన్ (ఆఫీసులను కలిపే ప్రైవేటు దారి), ఒకే అడ్మిన్ బృందం. ఒకరికి జలుబు చేస్తే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు.

ఇక్కడ చాలామంది, మా దగ్గర క్లౌడ్ (ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకునే సర్వర్లు) ఉంది, రెండు చోట్ల ఉంది, అంటారు. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలో 6 లక్షల మందికి పైగా సభ్యులున్న యూనిసూపర్ అనే పింఛను నిధి సంస్థకు ఏం జరిగిందో చూడండి. గూగుల్ క్లౌడ్‌లో వాళ్ళ ప్రైవేట్ క్లౌడ్ రెండు చోట్ల ఉంది. దాన్ని ఏర్పాటు చేసినప్పుడు ఒక ఆప్షన్ ఖాళీగా వదిలేయడంతో, ఏడాది గడువు తీరగానే సిస్టమ్ దాన్ని తనంతట తనే తీసేసింది. రెండు చోట్లా. అది మళ్ళీ పూర్తిగా నిలబడటానికి వారం పైనే పట్టింది. విడిగా దాచిన బ్యాకప్‌లు, అందులో వేరే సంస్థ దగ్గర పెట్టినవి కూడా, ఉండబట్టి నష్టం తగ్గింది. రెండు చోట్లు, రెండు కాపీలు, తీసెయ్యమనే ఆజ్ఞ మాత్రం ఒక్కటే. నా ఖాళీ ఫోల్డరు కథే ఇది, పెద్ద అద్దంలో.

3-2-1 సూత్రం గురించి వినే ఉంటారు. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి బయట. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు దీనికి ప్రచారం తెచ్చాడు. ఫొటోలు పోతే మళ్ళీ తీయలేరు కాబట్టి వాళ్ళకు ఆ భయం ఎక్కువ. సూత్రం మంచిదే, కానీ అంకెలు నింపి ఊరుకుంటే తాళం వేసితిని గొళ్ళెం మరచితిని అన్నట్టే అవుతుంది. ఆ సోమవారానికి ముందు నన్నడిగి ఉంటే, మూడింటిలో రెండున్నర ఉన్నాయని గొప్పగా చెప్పేవాణ్ణి.

ఆ తర్వాత మేం మార్చుకున్నవాటిలో అన్నిటికంటే చిన్నదీ, అన్నిటికంటే ఉపయోగపడిందీ చెబుతాను. అంతకుముందు ప్రతి ఆఫీసు సర్వరు తన డేటాను బ్యాకప్ దగ్గరికి నెట్టేది. అంటే బ్యాకప్‌లోకి వెళ్ళే పాస్‌వర్డు ఆఫీసు సర్వర్లోనే ఉంటుంది. ఆ సర్వర్లోకి దొంగ దూరితే బ్యాకప్ గది తాళం కూడా అక్కడే గోడకు వేలాడుతూ కనిపిస్తుంది. ఇప్పుడు తిరగేశాం. బ్యాకప్ మెషీనే వచ్చి ఆఫీసు సర్వర్ల నుంచి లాక్కుంటుంది. దానికి ఆఫీసు డేటాను చదివే హక్కు మాత్రమే ఉంది. ఆఫీసు వైపు నుంచి దానిలోకి వెళ్ళే దారే లేదు. అది డొమైన్‌లో లేదు, దాని లాగిన్ వేరు, రెండో తాళంగా వాడే ఓటీపీ యాప్ ఉన్న ఫోన్ కూడా వేరు. లాక్కున్న కాపీకి తేదీల వారీగా పాత వెర్షన్లుంటాయి. ఇవాళ మూలం ఖాళీ అయితే ఇవాళ్టి కాపీ ఖాళీగా ఉంటుంది, అంతే. నిన్నటిది నిన్నటిలాగే ఉంటుంది.

దాని పైన ఇంకో కాపీ క్లౌడ్‌లో, ఆబ్జెక్ట్ లాక్ పెట్టి. గడువు తేదీ వచ్చేదాకా దాన్ని మామూలుగా ఎవరూ చెరపలేరు. కఠినమైన మోడ్‌లో పెడితే ఖాతా యజమాని కూడా చెరపలేడు. (ముందు చిన్న గడువుతో ప్రయత్నించి చూడండి. పొరపాటున పనికిరాని పెద్ద ఫైలేదో ఎక్కిస్తే, గడువు తీరేదాకా దాని బిల్లు కడుతూ కూర్చోవాలి. ఎలా తెలుసని అడక్కండి.) ఈ తాళం ఎవరి మీద అని మా మేనేజరు అడిగారు. నా మీదే అన్నాను. ఆయన నవ్వారు, నేను నవ్వలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ కాకపోయినా, అర్ధరాత్రి నిద్రమత్తులో తప్పు విండోలో కమాండ్ కొట్టే అడ్మిన్‌ను కూడా ఈశ్వరుడు ఆపలేడు. ఈ తాళం ఆపుతుంది.

పాత వెర్షన్లు ఎన్నాళ్ళు ఉంచాలన్న దానికి తాత-తండ్రి-కొడుకు పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. రోజువారీ కాపీలు కొన్నాళ్ళు, వారానివి కొన్ని నెలలు, నెలవి ఏడాదో రెండేళ్ళో. ర్యాన్సమ్‌వేర్ మూకలు, అంటే డేటాకు తాళం వేసి డబ్బు గుంజేవాళ్ళు, లోపలికొచ్చిన రోజే బయటపడవు. ఒక్కోసారి వారాల తరబడి నక్కి ఉండి, బ్యాకప్‌లు ఎక్కడున్నాయో వెతికి, ముందు వాటి పని పట్టి, ఆ తర్వాత అసలు డేటా మీద పడతాయి. వారం రోజుల కాపీలే ఉంటే అన్నిట్లోనూ వాళ్ళే ఉంటారు. ఒక బ్రాంచీ వేరే దేశంలో ఉంటే మాత్రం, మనుషుల వ్యక్తిగత వివరాలు ఎక్కడ దాచాలి, ఎన్నాళ్ళు దాచాలి అన్న చట్టాలు వేరు. అది లాయరును అడగాల్సిన విషయం, మనం ఊహించుకోవాల్సింది కాదు.

ఇప్పుడు లైను లెక్క. ప్లాన్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే, ఆ లెక్క మాత్రం స్కూలు పిల్లలు వేసేదే. 100 ఎంబీపీఎస్ లైను అంటే సెకనుకు 12.5 ఎంబీ. 1 టీబీ వెళ్ళడానికి 80 వేల సెకన్లు, అంటే 22 గంటల పైమాట. అదీ లైను మొత్తం మనకే ఇచ్చి, ఎక్కడా తడబడకపోతే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఎనిమిది గంటలే దొరికితే మహా అయితే 360 జీబీ పోతుంది. ఒక ఆఫీసులో రోజుకు మారేది 15 జీబీ అనుకుంటే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, హాయి. ఈ హాయే మోసం చేస్తుంది. రోజూ ఇరవై నిమిషాల్లో అయిపోయేదాన్ని చూసి, వెనక్కి తెచ్చుకోవడం కూడా అలాగే ఉంటుందనుకుంటాం. ఆ ఆఫీసులో మొత్తం 6 టీబీ ఉందంటే, అదంతా తిరిగి రావడానికి అదే లైను మీద ఐదున్నర రోజులు. పైగా కొన్ని లైన్లకు దిగుమతి (డౌన్‌లోడ్) వేగం ఒకటి, ఎగుమతి (అప్‌లోడ్) వేగం ఇంకోటి. పక్క బ్రాంచీ నుంచి తెచ్చుకోవాలంటే, మీకు ఎంత మంచి లైనున్నా, వాళ్ళ ఎగుమతి వేగమే మీకు దిక్కు.

అందుకని మేం మొదటి కాపీని లైను మీద పంపలేదు. ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డు లేనిదే చదవలేని) డిస్కుల్లో పెట్టి మనిషి చేత పంపాం, ఆ తర్వాతి మార్పులే లైను మీద. తిరిగి తెచ్చుకోవడానికీ అదే దారి రాసుకున్నాం. ఏ డిస్కులోకి తీయాలి, ఎవరు తీసుకెళ్ళాలి, ఎన్ని గంటల ప్రయాణం. ఘనా నుంచి మెయిడెన్‌హెడ్‌కు డిస్కు వెళ్ళిన తీరు చదివాక, ప్లానులో మనిషి ప్రయాణం గురించి ఒక పేజీ ఉండటం నాకేమీ వింతగా అనిపించడం లేదు. ఇంకో మాట. 6 టీబీ అంతా ఒకేసారి అక్కర్లేదు. ఆఫీసు తలుపు తెరవగానే కావాల్సింది ఏమిటని ఒక్కో విభాగాన్నీ అడిగితే, జాబితా 200 జీబీ కూడా దాటలేదు. దానికి అయిదు గంటలు చాలు. మిగతాది మెల్లగా డిస్కు మీద వస్తుంది. ఎంతవరకు డేటా పోతే ఓర్చుకోగలం, ఎన్ని గంటలు పని ఆగితే ఓర్చుకోగలం అనే రెండు ప్రశ్నలను మా వాళ్ళు ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అంటారు. ఆ పేర్లతో అడిగితే ఎవరూ నోరు విప్పరు. "నిన్న సాయంత్రం నుంచి చేసిన పని మొత్తం మళ్ళీ చేయమంటే చేస్తారా?" అని అడగండి, జవాబులు దంచేస్తారు.

ఈ జాబితా కోసం నేను నాలుగు ఆఫీసులకూ స్వయంగా వెళ్ళాను. ఫోన్‌లో అడిగితే అందరూ, మా డేటా అంతా సర్వర్లోనే ఉంది సార్, అంటారు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటే అసలు సంగతి కనిపిస్తుంది. కంపెనీ కొటేషన్లన్నీ ఒకాయన డెస్క్‌టాప్ మీద "కొత్త ఫోల్డరు (7)" లో ఉన్నాయి. హాజరు మెషీన్ సాఫ్ట్‌వేరు ఓ మూల పాత పీసీలో నడుస్తోంది, దాని సంగతి ఎవరికీ పట్టలేదు. రౌటర్లు, స్విచ్‌ల సెట్టింగులు ఎక్కడా సేవ్ చేసి లేవు. అవి పోతే డేటా ఉండి కూడా ఆఫీసు లేవదు. ఒక ఆఫీసులో బ్యాకప్ డిస్కు సర్వరు మీదే పెట్టి ఉంది, వేడికి చెయ్యి పెట్టలేం. క్లౌడ్ మెయిల్‌కు మాకు బ్యాకప్ అక్కర్లేదని ఇంకొకరు వాదించారు. ఉద్యోగి మానేశాక ఖాతా తీసేస్తే ఆ మెయిల్స్ ఎన్నాళ్ళుంటాయని అడిగాను. వాదన అక్కడితో ఆగింది.

రిపోర్టుల గురించి చెప్పకుండా ఉండలేను. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు, రెండో సర్వరు అనుకుని, అసలు డేటాబేస్ సర్వర్లో ఫోల్డరు చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ కోసం వెళ్ళి చూస్తే, అమెజాన్ ఎస్3 అనే క్లౌడ్ స్టోరేజీలో ఉండాల్సిన డంపులు (డేటాబేస్ పూర్తి కాపీలు) లేవు. డేటాబేస్ వెర్షన్ ఒకటి, డంప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ ఇంకోటి కావడంతో ఆ జాబ్ కొంతకాలంగా ఫెయిలవుతోంది. ఫెయిలైనట్టు మెయిల్స్ పంపుతూనే ఉంది. సరైన సంతకం లేదని మెయిల్ సర్వరు వాటిని తిప్పి పంపేస్తోంది. ఆ ఇంజనీరు వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ ఉండబట్టి గట్టెక్కారు. జరిగిందంతా దాచకుండా అందరికీ చెప్పినందుకు నాకు వాళ్ళంటే గౌరవం.

మెయిల్ రాకపోవడం కూడా ఒక వార్తే, అది చెప్పడానికి ఇంకో మెషీన్ ఉండాలి. అందుకే ఇప్పుడు మా దగ్గర వేరే చోట ఉన్న చిన్న సిస్టమ్ ఒకటి, పొద్దున ఏడు లోపల ఫలానా ఆఫీసు నుంచి కబురు రాకపోతే ఫోన్ మోగిస్తుంది. నేను సక్సెస్ అన్న ముక్క చదవడం మానేశాను. మూడు అంకెలు చూస్తాను. ఎన్ని ఫైళ్ళు, ఎంత సైజు, ఎన్ని నిమిషాలు. నిన్నటితో పోలిస్తే బాగా పెరిగినా అనుమానమే, బాగా తగ్గినా అనుమానమే. ఫైళ్ళన్నీ ఒక్కసారిగా మారినట్టు కనిపిస్తే ఎవరో ఎన్‌క్రిప్ట్ చేస్తున్నారని అర్థం కావచ్చు. ప్రతి డేటా డిస్కులో ఒక చిన్న గుర్తు ఫైలు పెట్టాం. అది కనబడకపోతే స్క్రిప్టు అడుగు ముందుకు వేయదు. ఆ శనివారం నాటికి ఆ ఒక్క లైను రాసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డు గురించి తక్కువే చెబుతాను, చెప్పాల్సింది తక్కువే కాబట్టి. బయటికి వెళ్ళే ప్రతి కాపీనీ ఎన్‌క్రిప్ట్ చేయాలి. చేశాక ఆ పాస్‌వర్డు పోతే బ్యాకప్ పోయినట్టే, ఎవరి కాళ్ళు పట్టుకున్నా రాదు. మా పాస్‌వర్డ్ మేనేజరు మా సర్వర్ల మీదే నడిచేది. సర్వర్లు పోయిన రోజు కావాల్సిన పాస్‌వర్డు, పోయిన సర్వర్లో. పెట్టె లోపల తాళంచెవి పెట్టి పెట్టెకు తాళం వేశాం. ఇప్పుడు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అంటించి, అడ్డంగా సంతకం చేసి, రెండు ఆఫీసుల బీరువాల్లో ఉంచాం. పాతకాలం పద్ధతే, కరెంటు అక్కర్లేని పద్ధతి.

ఇన్ని చేసే తీరిక, మనుషులు చిన్న ఆఫీసులకు ఎక్కడివి అంటారు. నిజమే. నాకూ లేరు. ఒక్కటే చేయగలిగితే ఏది చేయమంటారని ఎవరైనా అడిగితే, కొత్త సాఫ్ట్‌వేరు కొనమని చెప్పను. మూడు నెలలకోసారి ఒక పూట పెట్టుకుని, ఒక బ్రాంచీ పూర్తిగా పోయిందనుకుని, దాని డేటాను ఖాళీ మెషీన్ మీద లేపి చూడమంటాను. అది కూడా అడ్మిన్ చేయకూడదు. అడ్మిన్‌కు చెయ్యి తిరిగిపోయి ఉంటుంది, కాగితంలో లేని మెట్లు కూడా ఎక్కేస్తాడు. రాసిపెట్టిన కాగితం చేతికిచ్చి, ఎప్పుడూ చేయని మనిషి చేత చేయించాలి. ఆ మనిషి ఎక్కడ ఆగిపోతే మీ ప్లాను అక్కడిదాకే ఉంది.

మొన్న మూడో ఆఫీసు వంతు వచ్చింది. చేసింది అకౌంట్స్ మేడమే. నేను వీడియో కాల్‌లో ఉన్నాను, నోరు తెరవకూడదన్నది షరతు. కాగితంలో ఆరో మెట్టు దగ్గర, "రిపాజిటరీ అంటే ఏది సార్?" అని అడిగారు, నేను మాట్లాడలేదు, రాసుకున్నాను. అయిదు గంటలు అనుకున్న జాబితా మొత్తం లేచేసరికి ఏడుంబావు అయింది. అందులో గంటన్నర కాపీకి పట్టింది కాదు. పాస్‌వర్డు కవరు ఉన్న బీరువా తాళాలు సెలవులో ఉన్న ఒకాయన జేబులో ఉన్నాయి. ఆయన్ని ఫోన్‌లో పట్టుకుని, తాళాలు తెప్పించేదాకా ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, పౌచ్‌లోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. పౌచ్‌లో ఇంకా ఏమైనా ఉందా అని అడగాలనిపించింది. అడగలేదు.